మా ఇంటి పాటల పెట్టె

"ఎదురింటోల్ల కారు మల్ల ఎన్కకొస్తుంది, పిల్లగాండ్లు వాకిట్ల ఉన్నరేమో సూడవే!" అని మా అత్తమ్మ మంచం మీద నుంచే కేక వేసింది.

2002వ సంవత్సరం, ఏప్రిల్ నెల. మధ్యాహ్నం మూడు కావస్తోంది. నాందేడు ఎండల సంగతి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పేదేముంది! వీధిలో పిట్ట మనిషి లేడు. ఆ రోజుల్లో కార్లు, వ్యానులు వెనక్కి నడిపేటప్పుడు సన్నగా సంగీతం వినిపించేది, గుర్తుందా? మా ఎదురింటివారి కారు కూడా అలాంటిదే. రోజుకు నాలుగుసార్లు వినీ వినీ ఆ పాట మాకందరికీ కంఠతా వచ్చేసింది. అత్తమ్మకు చూపు కాస్త తగ్గింది గాని చెవులు పాము చెవులు. ఆమె అన్నదంటే నిజమే అయి ఉంటుందని నేను వాకిలి తలుపు తీసి చూశాను.

కారు లేదు. గేటుకు తాళం ఉంది. ఎదురింటివారు ముందు రోజే షిర్డీ వెళ్లారు. పాలవాడికి చెప్పమని నాకే చెప్పి మరీ వెళ్లారు.

పాట మాత్రం వినిపిస్తూనే ఉంది. అదీ మా ఇంట్లోంచే!

ముందు గదిలోకి వెళ్లాను. మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఆట ఆడుకుంటోంది. "ఆ స్పీకర్లు ఆపవే" అన్నాను. "ఆపే ఉన్నాయమ్మా" అంది. నిజంగానే స్పీకర్ల దీపం వెలగడం లేదు. అయినా ఎక్కడో డబ్బా అడుగున ఎవరో బుల్లి పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు పాట సాగుతోంది. ఒక అర నిమిషం అలా పాడి, ఎవరో పీక నొక్కినట్టు చటుక్కున ఆగిపోయింది.

ఇలా మొదలయింది మా కథ. దీన్ని తలచుకుని మేము ఎన్నోసార్లు నవ్వుకున్నాం. నవ్వడానికి వీలుకాని భాగం కూడా ఇందులో ఒకటి ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కంప్యూటరు గురించి చెప్పాలి. 1999 దీపావళికి కొన్నాం. మా సందులో అదే మొదటిది. నలభై రెండు వేలు అయింది. విండోస్ 98, అరవై నాలుగు మెగాబైట్ల మెమరీ, నాలుగు చిల్లర గిగాబైట్ల హార్డ్‌డిస్కు. ఇప్పటి పిల్లలు వింటే జాలిపడతారు గాని, అప్పుడు మాకది ఐరావతం! దానికి క్రోషియా అల్లిన గుడ్డ కప్పేవాళ్లం. దసరాకు ఆయుధపూజలో పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. మా శ్రీవారు అందులో మన సంఘం సభ్యుల జాబితా పెట్టుకున్నారు. మా అబ్బాయి చదువు పేరిట కొనిపించి ఆటలు పెట్టుకున్నాడు. నాకు దానితో పని పడింది మాత్రం అత్తమ్మ పాటల వల్లే.

అత్తమ్మది ధర్మాబాదు దగ్గరి పల్లె. ఆమె పుట్టేనాటికి ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యం. 1956 నవంబరులో రాష్ట్రాలను భాషల లెక్కన విడదీసినప్పుడు మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చాయి. గీత గీసినవాళ్లు గీశారు. గోదావరికి గాని, పాటలకు గాని ఆ గీత తెలియదు కదా! బాసర తీర్థం గీతకు అటు, మా అత్తమ్మ పుట్టిల్లు ఇటు. ఆమె పాడే బతుకమ్మ పాటల్లో, దంపుడు పాటల్లో, తొట్టెల పాటల్లో తెలుగు మధ్య మరాఠీ మాటలు జొన్నరొట్టెలో నువ్వుల్లా తగులుతూ ఉండేవి. నిజామాబాదులో పుట్టి పెరిగిన నాకే సగం మాటలకు అర్థం అడగాల్సి వచ్చేది. నేను చూసిన ఏ పాటల పుస్తకంలోనూ అవి కనబడలేదు. ఆమె తల్లి దగ్గర నేర్చుకుంది, ఆ తల్లి తన తల్లి దగ్గర.

2001 దసరా సెలవుల్లో మా అబ్బాయి చిన్న మైకు ఒకటి తెచ్చి, నానమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టాడు. విండోస్ 98తో వచ్చే సౌండ్ రికార్డరు అరవై సెకన్లు కాగానే ఆగిపోయేది. మళ్లీ మీట నొక్కితే ఇంకో నిమిషం సాగుతుందని వాడు కనిపెట్టాడు గాని, అందులో ఒక చిక్కు ఉంది. ఆ పనిముట్టు సెకనుకు 22,050 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతను ఒక్కో బైటుగా రాసుకునేది. అంటే నిమిషానికి పదమూడు లక్షల ఇరవై మూడు వేల బైట్లు. ఒక ఫ్లాపీలో పట్టేది సుమారు పద్నాలుగున్నర లక్షలు. ఒక నిమిషం పాటకు ఒక ఫ్లాపీ సరిగ్గా సరిపోతుంది, నిమిషం దాటితే పట్టదు. సీడీ రాసే యంత్రం అప్పట్లో మా తాహతుకు మించినది. అందువల్ల పాటలన్నీ నిమిషం నిమిషం ముక్కలుగానే ఉండిపోయాయి. ఆరు నెలల్లో నలభై ఆరు ముక్కలు తయారయ్యాయి. అందులో పంతొమ్మిదింటిని ఫ్లాపీల్లోకి ఎక్కించి నిజామాబాదులో ఉన్న మా ఆడపడుచుకు పంపాం. మిగతా ఇరవై ఏడింటికి ఫ్లాపీలు చాలలేదు. వచ్చే నెల కొందాం అనుకున్నాం. ఆ 'వచ్చే నెల' మన ఇళ్లలో ఎప్పుడు వస్తుందో మీకూ తెలుసు.

మళ్లీ సంగీతం దగ్గరికి వద్దాం. ఆ ఏప్రిల్‌లో పాట రెండు మూడు రోజులకు ఒకసారి వినిపించసాగింది. ఇంటిల్లిపాదీ తలో కారణం చెప్పారు. వేసవి సెలవులకు వచ్చిన మా తోటికోడలి పిల్లలు దయ్యం అన్నారు. మా శ్రీవారు రేడియో స్టేషను ఏదో తగులుతోందన్నారు. మా అబ్బాయి మాత్రం వైరస్ అన్నాడు. వాడి మాట వట్టి ఊహ కాదు. 1989లో బయటపడిన యాంకీ డూడుల్ అనే వైరస్ సాయంత్రం ఐదు గంటలకు అదే పేరుగల అమెరికా పాటను కంప్యూటరు చేత పాడించేది. వాడు స్నేహితుడి దగ్గర వైరస్ పట్టే సీడీ తెచ్చి రాత్రంతా వెతికించాడు. ఏమీ దొరకలేదు.

అత్తమ్మకు పాటతో పేచీ లేదు. ఆమె దృష్టి ఇంకో చప్పుడు మీద ఉండేది. హార్డ్‌డిస్కు పనిచేసేటప్పుడు అప్పుడప్పుడు 'చిక్ చిక్' మంటుంది కదా, ఆ పెట్టెలో బల్లి ఉందని ఆమె నమ్మకం. మనం ఏదైనా మాట అనగానే అది 'చిక్' మన్నదనుకోండి, వెంటనే వేలితో మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టి "సూశినవా, బల్లి పలికింది, అది సత్తెమే" అనేది. మా అమ్మాయి పరీక్ష ఫలితాలు కూడా ఆ డిస్కే ముందు చెప్పింది! పంచాంగంలో బల్లిశాస్త్రం ఉంటుంది గాని, హార్డ్‌డిస్కు శాస్త్రం లేదని మా శ్రీవారు ఏడిపించేవారు.

నేను చదివింది పదో తరగతే. అయినా ఒక పని చేశాను. పాల లెక్క రాసుకునే క్యాలెండరు కాగితం వెనక, పాట వినిపించినప్పుడల్లా రోజు, టైము, ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో రాసిపెట్టాను. ఎందుకు రాశానంటే చెప్పలేను. పాలవాడితో తగువు వచ్చినా, పనిమనిషి నాగాల్లో తేడా వచ్చినా కాగితం చూపించి గెలవడం నాకు అలవాటు. ఇదీ అలాగే తేలుతుందనుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూడు వారాల్లో తొమ్మిది సార్లు. మధ్యాహ్నం రెండున్నరకు ముందు ఒక్కసారి కూడా లేదు. తొమ్మిదింట్లో ఏడుసార్లు 'కూలరు వేసి ఉంది' అని రాసి ఉంది. వాన పడి చల్లబడిన రెండు రోజులు పాట లేదు.

జవాబు అందులోనే ఉంది. నాకది చదవడం రాలేదు.

మే నెలలో బజారులోని ఒక దుకాణం నుంచి మెకానికు అబ్బాయిని పిలిపించాం. పంతొమ్మిది, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అతను డబ్బా పక్క రేకు విప్పి, లోపల రూపాయి బిళ్లకన్న కాస్త పెద్దదిగా ఉన్న నల్లటి స్పీకరు చూపించి, దాని తీగ పీకేశాడు. "కాకూ, స్పీకర్‌చీ వాయర్ కాఢ్లీ. ఆతా ఆవాజ్ యేణార్ నాహీ" అన్నాడు. తీగ తీసేశాను, ఇక చప్పుడు రాదు అని. యాభై రూపాయలు, ఒక గ్లాసు మజ్జిగ పుచ్చుకుని వెళ్లిపోయాడు. చప్పుడు రాలేదు. మేమంతా సంతోషించాం. ఆ అబ్బాయిని ఇవాళ తప్పుపట్టను. "ఈ మోత ఆపు బాబూ" అని మేము అడిగాం, అతను ఆపాడు. "ఈ మోత ఎందుకొస్తోంది బాబూ" అని అడగలేదు మేము.

2003 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి అత్తమ్మ పోయింది.

ఆ మే నెలలో కంప్యూటరు తనంత తానే ఆగి మళ్లీ మొదలవడం ప్రారంభించింది. రోజుకోసారి, తర్వాత గంటకోసారి. చివరికి ఒక మధ్యాహ్నం 'టక్... టక్... టక్...' మని సమానమైన వ్యవధిలో చప్పుడు మొదలైంది. అత్తమ్మ 'బల్లి' కాదిది. బల్లి తాళం తప్పకుండా పలకదు. నా చేయి నాకు తెలియకుండానే బల్లను రెండుసార్లు తట్టింది. తెర మీద తెల్లని అక్షరాలు నాలుగు వచ్చి నిలిచిపోయాయి. అంతే, డిస్కు మళ్లీ తెరుచుకోలేదు. ఇరవై ఏడు పాటలు అందులోనే ఉన్నాయి.

ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే తెలుగు మాస్టారు ఒకరు మా శ్రీవారికి పరిచయం. ఆయన వచ్చి డబ్బా విప్పారు. నాందేడు పత్తి ఊరు కదా, ఎన్.హెచ్.హెచ్. 44 అనే హైబ్రిడ్ పత్తిలో మొదటి అక్షరం మన ఊరిదే. ఆ పత్తి నూగు, మన నల్లరేగడి దుమ్ము కలిసి ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల మధ్య చిన్న బొంతలా పేరుకుని ఉన్నాయి. ఆయన వేలితో తిప్పితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. కరెంటు పెట్టె, అంటే ఎస్.ఎం.పి.ఎస్., దాని ఫ్యాను కూడా అదే స్థితి.

"ఇది ఎప్పుడైనా పాట పాడిందా అమ్మా?" అని అడిగారాయన.

నాకు ఒళ్లు జలదరించింది. ఈయనకెలా తెలుసు?

ఆయన చెప్పిన వివరం ఇది. కంప్యూటరు మీట నొక్కగానే విండోస్ కంటే ముందు లేచే చిన్న కార్యక్రమం ఒకటి మదర్‌బోర్డు మీది చిప్పులో ఉంటుంది. దాన్ని బయోస్ అంటారు. అవార్డ్ అనే కంపెనీ 1997 నుంచి తయారుచేసిన బయోస్‌లలో ఒక ఏర్పాటు ఉండేది. ప్రాసెసరు ఫ్యాను ఆగిపోయినా, ఆగిపోయేలా ఉన్నా, లేదా కరెంటు పెట్టె ఇచ్చే వోల్టేజీలు హద్దు దాటినా, లోపలి బుల్లి స్పీకరు ద్వారా ఒక పాట వాయించి యజమానిని హెచ్చరించడం. మైక్రోసాఫ్ట్ వారు దీని మీద ప్రత్యేకంగా ఒక సహాయ పత్రమే ప్రచురించారు. 'మీ కంప్యూటరు ఉన్నట్టుండి శాస్త్రీయ సంగీతం వాయిస్తుంది' అన్నట్టుగా ఉంటుంది దాని శీర్షిక. అది లోపం కాదు, కావాలని పెట్టిన సౌకర్యమే అని అందులో రాశారు. ఇలా జడుసుకున్న వాళ్లం ప్రపంచంలో మేమొక్కళ్లమే కాదన్నమాట.

ఫ్యాను తిరుగుతోందో లేదో బోర్డుకు ఎలా తెలుస్తుంది? ఆ ఫ్యానుకు రెండు కాక మూడు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకు, మూడోది కబురుకు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే ఆ తీగ మీద రెండు సంకేతాలు వెళతాయి. బోర్డు మీది చిప్పు వాటిని లెక్కపెడుతూ ఉంటుంది, మన వంటింట్లో కుక్కరు ఈలలు లెక్కపెట్టినట్టే. లెక్క తగ్గితే గోల చేస్తుంది. వోల్టేజీ సంగతీ అంతే. లోపల 12, 5, 3.3 వోల్టులు సరిగ్గా అందాలి. నూటికి అయిదు పాళ్లకు మించి అటూ ఇటూ కాకూడదు.

నేను పాల కాగితం తెచ్చి చూపించాను. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. "అంతా ఇందులోనే ఉంది కదమ్మా!" అన్నారు. మధ్యాహ్నం గదిలో వేడి ఎక్కువ. పిల్లలు ఆటలాడేది అప్పుడే, ఆటలంటే ప్రాసెసరుకు చాకిరీ. దుమ్ముపట్టిన ఫ్యాను ఆ వేడిని తోయలేదు. అదే ప్లగ్గు బోర్డు మీద కూలరు కూడా పెట్టాం. అసలే వేసవి మధ్యాహ్నం నీరసంగా వచ్చే కరెంటు, కూలరు వేయగానే ఇంకాస్త జారేది. కంప్యూటరు సంవత్సరం ముందే మొత్తుకుంది. మేము దాని గొంతు నొక్కాం. డిస్కు పోవడానికి అదొక్కటే కారణమని మాస్టారు ఒట్టు వేయలేదు. ఏళ్ల తరబడి ఉడికిన డబ్బాలో డిస్కు ఎక్కువ కాలం బతకదని మాత్రం అన్నారు. ఫ్యాను మార్చడానికి అప్పట్లో అయ్యే ఖర్చు నూటయాభై రూపాయలు. చెడిన డిస్కులోంచి సమాచారం తీసేవారిని హైదరాబాదులో విచారిస్తే చెప్పిన మొత్తం విని మేము నోరు మూసుకుని వచ్చేశాం.

ఇంతకీ ఆ పాట ఏమిటి? బీథోవెన్ 1810 ఏప్రిల్‌లో పియానో కోసం రాసుకున్న చిన్న రచన. 'ఎలీజ్ కోసం' అని పేరు. ఆయన బతికి ఉండగా అది వెలుగు చూడలేదు. ఆయన 1827లో కన్నుమూశాడు. లుడ్విగ్ నోల్ అనే సంగీత పరిశోధకుడు రాతప్రతి చూసి 1867లో అచ్చువేయించాడు. ఆ రాతప్రతి తర్వాత కనబడకుండా పోయింది. ఆ ఎలీజ్ ఎవరన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. పక్కపక్కనే ఉన్న రెండు స్వరాల మధ్య ఉయ్యాల ఊగినట్టు మొదలవుతుంది కాబట్టి ఒక్కసారి విన్నా మనసులో నిలిచిపోతుంది. మన దగ్గర కార్లు, కాలింగు బెల్లులు దాన్ని వాడుకున్నాయి. తైవానులో చెత్తబండి వస్తూ ఇదే పాట పాడుతుంది, జనం చెత్తబుట్టలతో బయటికి పరుగెత్తుతారు! కంప్యూటరు లోపలి స్పీకరు ఒకసారికి ఒక్క స్వరమే పలకగలదు. కాబట్టి పియానో మీద రెండు చేతులతో వాయించే పాట దాని నోట పిల్లనగ్రోవి పాటలా అయింది. పాత రాతప్రతిలో దొరికిన పాట ఒకటి మా పాటలను కాపాడాలని చూసింది. మేమే కారు అనుకున్నాం.

ఇప్పుడు మీ ఇంట్లో కంప్యూటరు ఏదైనా వింత చప్పుడు చేస్తే నేనైతే ఏం చేస్తానో చెబుతాను. మెకానికును కాను సుమండీ, దెబ్బతిన్న గృహిణిని.

మొదట బయటి స్పీకర్లు ఆపి చూడండి. ఆపగానే చప్పుడు పోయిందా, అయితే అది స్పీకర్లకు బయటి నుంచి వస్తోంది. పాత మొబైలు ఫోనులు బల్ల మీద ఉంటే, ఫోను మోగడానికి రెండు క్షణాల ముందు స్పీకరులో 'తడ్ తడ్ తడ్, దర్ర్' అనేది గుర్తుందా? ఆ ఫోనులు సెకనుకు 217 సార్లు వంతులవారీగా సంకేతం వదిలేవి. స్పీకరు తీగ దాన్ని పట్టుకుని మోత చేసేది. ఫోను దూరంగా పెడితే చాలు. మా శ్రీవారు మొదటి మొబైలు కొన్నాక నెల రోజులు దీనికీ హడలిపోయాం. ఈ కాలపు ఫోనులతో ఇది బాగా తగ్గింది.

స్పీకర్లు ఆపినా చప్పుడు వస్తుంటే, వార్తాపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనతో డబ్బా చుట్టూ, యు.పి.ఎస్. చుట్టూ వినండి. డాక్టరు గారి గొట్టం లాంటిదే. సగం సందర్భాల్లో దోషి కంప్యూటరు కాదు, కింద నేల మీద కూర్చున్న యు.పి.ఎస్. కరెంటు పోయినప్పుడు అది కూయడం సహజం. కరెంటు ఉండగా కూస్తే బ్యాటరీ ముసలిదయిందని అర్థం. కరెంటు ఉన్నా 'టక్' మని ఆగి ఆగి చప్పుడు చేస్తుంటే లోపలి రిలే వోల్టేజీని సర్దుతోందన్నమాట. మనూళ్లో ఎండాకాలం సాయంత్రాలు అది ఎంతగా చప్పుడు చేసేదో!

డబ్బా లోంచి గరగర, కీచుమనే చప్పుడు వచ్చి, అది కంప్యూటరు వేడెక్కిన కొద్దీ మారుతుంటే ఫ్యాను. ప్లగ్గు పీకి, రేకు విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము తీయండి. తీసేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి, గిరగిరా తిరగనివ్వకండి. ఫ్యాను మధ్య కాగితపు బిళ్ల లేపి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. అది కాశీకి వెళ్లేవాడికి దారి బత్తెం లాంటిదే, కొత్త ఫ్యాను కొనక తప్పదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలో కరెంటు దాగి ఉంటుంది.

కంప్యూటరు మొదలయ్యేటప్పుడే కూతలు వస్తే వాటిని లెక్కపెట్టండి. పొట్టివెన్ని, పొడుగువెన్ని అని కాగితం మీద రాసుకోండి. పాత అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలంటే తెరకు బొమ్మ పంపే కార్డు సరిగ్గా లేదని అర్థం. ఆగకుండా పొడుగు కూతలు కూస్తుంటే మెమరీ. మెమరీ ముక్కను తీసి, దాని పసుపుపచ్చని అంచును పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే చాలాసార్లు బాగవుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో భాష కాబట్టి మీ బోర్డు పుస్తకం చూసుకోవాలి. కొత్త వాటిలో చాలావరకు ఆ బుల్లి స్పీకరే ఉండడం లేదు. కూతలకు బదులు దీపాలు మెరుస్తాయి. వాటిని చెవితో వినలేం, కాబట్టి మనమే అప్పుడప్పుడు వంగి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, హార్డ్‌డిస్కు 'టక్... టక్...' మని ఒకే లయలో కొట్టుకోవడం. అప్పుడు ఇంకేమీ పరీక్షించకండి, మళ్లీ మళ్లీ మీట వేసి చూడకండి. లోపలి చదివే సూది తన చోటు వెతుక్కుంటూ తిరిగి తిరిగి కొట్టుకుంటోందన్నమాట. ప్రతి ప్రయత్నంలో ఇంకాస్త పోతుంది. డిస్కు ఇంకా తెరుచుకుంటూ ఉంటే ముందు మీకు పోగొట్టుకోవడం ఇష్టం లేనివి వేరేచోటికి ఎక్కించుకోండి, మెకానికును ఆ తర్వాత పిలవండి. మేము ఈ వరసను తిరగేశాం. ఇప్పుడు వస్తున్న చిప్పుల డిస్కుల్లో తిరిగే పళ్లెం లేదు, చప్పుడు లేదు. పోతే చెప్పకుండా పోతాయి. వాటికి ముందే ఒకటికి రెండు నకళ్లు ఉండాలి.

ఆ 2003 వేసవిలోనే మా ఆడపడుచు నిజామాబాదు నుంచి ఫ్లాపీల డబ్బా తెచ్చింది. పంతొమ్మిదింట్లో మూడు తెరుచుకోలేదు. పదహారు తెరుచుకున్నాయి. మా అబ్బాయి వాటిని ముందు సీడీలోకి, తర్వాత కాలం మారిన కొద్దీ ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి మారుస్తూ వచ్చాడు. ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. అన్నీ నిమిషం ముక్కలే. బతుకమ్మ పాట ఒకటి సరిగ్గా అత్తవారింటికి బండి కదిలేచోట తెగిపోతుంది. తర్వాత ఏమయిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు వైపు పెద్దవాళ్లున్న పాఠకులు ఎవరికైనా అలాంటి పాటలు తెలిస్తే సంఘం ఆఫీసుకు వచ్చినప్పుడు నాకు చెప్పండి, నోటుబుక్కుతో వస్తాను.

పదహారింట్లో చివరిది ఏప్రిల్ 2002 నాటిది. తొట్టెల పాట. మధ్యాహ్నం పూట రికార్డు చేసినట్టున్నారు, వెనకాల కూలరు చప్పుడు వినబడుతుంది. నలభయ్యో సెకను దగ్గర, అత్తమ్మ గొంతు వెనక సన్నగా ఆ పిల్లనగ్రోవి మొదలవుతుంది. ఆమె పాట ఆపేస్తుంది. "ఆగు బిడ్డా, ఆల్ల కారు పోనీ" అంటుంది మా అబ్బాయితో. ఇద్దరూ ఊరుకుంటారు. కారు పోయేలోగా అరవై సెకన్లు అయిపోతాయి.